చోక్ వదులు

మే 11, ఆదివారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. నలభై ఏళ్లు లూములకు ఫిట్టర్‌గా బతికినవాడి చేతిలో పానా ఉంటుంది గానీ పెన్ను ఎక్కడిది? కానీ రేపటి నుంచి పడవ మోటరు విప్పబోతున్నాను. ఏ రోజు ఏది తీశానో, ఏది మార్చానో రాసుకోకపోతే యాభై తొమ్మిదేళ్ల బుర్రలో నిలవదు. అందుకే ఈ నోటుబుక్కు. ఇది మోటరు కోసమే.

పొద్దున పరుశురాం వచ్చాడు. మా నేతవాళ్ల సంఘం మండల్‌కు అధ్యక్షుడైనప్పటి నుంచి ఆయన చెప్పులు విడవకుండానే ఇళ్లలోకి వస్తున్నాడు.

"లింగన్నా, వానలకు నెల రోజులే ఉన్నది. మోటరు జర చూడరాదే. మల్ల నిరుటి లెక్క అయితే జనం మనల్ని బతకనియ్యరు" అన్నాడు.

నా భార్య ఎల్లవ్వ చాయ గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

ఏ రోగమైనా ఆఖరుసారి ఎట్లా వచ్చిందో రాసుకోవాలి. సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఖాడీని ఆనుకుని ఉంటుంది. వాన గట్టిగా పడితే ఆ మురికికాలువ ఏరైపోతుంది. అందుకే మన తెలుగు నేతవాళ్ల మండల్ ఒక పడవ కొని పెట్టింది. హజీరా వైపు చేపలు పట్టేవాళ్ల దగ్గర కొన్నాం. మోటరు అప్పటికే ముసలిది. పదిహేను హార్స్ పవర్, తాడు గుంజి స్టార్ట్ చేసే రకం. అప్పటి నుంచి దాని మంచిచెడ్డలు నావే.

నిరుడు ఆషాఢంలో గల్లీలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. బుచ్చిరాములు భార్య లలితమ్మకు దమ్ము లేచింది, ఊపిరి ఆడలేదు. పడవలో ఎక్కించారు. నడిపింది నా అల్లుడు ఉమాకాంత్. పక్కన బుచ్చిరాములు. మోటరు నాలుగు నిమిషాలు నడిచి, పులియా దగ్గర, అంటే ఖాడీ మీది చిన్న వంతెన దగ్గర, నీళ్ల నడుమ ఆగింది. ఉమాకాంత్ చోక్ గుంజాడు, మళ్లీ గుంజాడు. చోక్ గుంజితే ఇంజనుకు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది. చల్లటి ఇంజను లేవడానికి అది కావాలి, వేడి ఇంజనుకు వద్దు. మోటరు మళ్లీ లేవలేదు. ఆరుగురు నీళ్లలో దిగి, తాడు కట్టి లాగేసరికి ముప్పావు గంట పట్టింది. లలితమ్మ ఆసుపత్రికి చేరింది గానీ మర్నాటికి లేదు. జర ముందుగా తెస్తే బాగుండేదని డాక్టరు అన్నాడట.

తర్వాత మండల్ మీటింగ్‌లో నన్ను అడిగారు. చోక్ ఎక్కువ గుంజిండు, ఇంజను పెట్రోల్ల మునిగింది అని చెప్పాను. నేను చూసిందే చెప్పాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

మే 13

మండల్ హాలు వెనక మోటరు మీద కప్పిన తాటిపత్రి తీశాను. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్గులు విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. నిప్పు వస్తోంది. అంటే కరెంటు రోగం కాదు, పెట్రోలు రోగం.

కార్బొరేటర్ కింది గిన్నె విప్పాను. పెట్రోలు వచ్చి నిలిచే చిన్న గిన్నె అది. అడుగున తెల్లటి పొర కట్టి ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. ఉప్పు. ఖాడీలోకి సముద్రపు పోటు వస్తుంది కదా, ఆ ఉప్పే. తుడిచి మళ్లీ బిగించాను.

మే 14

మోటరు జోలికి పోలేదు. కార్ఖానాలో రెండు లూములు మొరాయించాయి.

మే 18, ఆదివారం

నీళ్ల డ్రమ్ములో మోటరు కాలు ముంచి స్టార్ట్ చేశాను. మూడో గుంజుడుకు లేచింది. ఆ చప్పుడు వినగానే గల్లీలో ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి చూశారు. స్లోలో చక్కగా ఆడింది. వేగం పెంచడానికి గ్యాసు ఇచ్చాను. గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ అంతే.

పెట్రోలు బాగాలేదు. ఇప్పటి పెట్రోల్‌లో స్పిరిట్ కలుపుతున్నారు, అది గాలిలోని నీళ్లను పట్టేస్తుంది. పాతదంతా పారబోసి వేరే పంపు నుంచి కొత్తది తెచ్చాను. గ్యాసు ఇస్తే మళ్లీ దగ్గింది.

ఆ పంపువాడూ దొంగే అయి ఉంటాడు.

మే 20

ట్యాంకు మూత మీద గాలి రంధ్రం చూశాను, తెరిచే ఉంది. పైపు తీసి ఊదాను, బాగానే ఉంది. పైపు నడుమ చేత్తో పిసికే రబ్బరు బుడ్డ ఉంటుంది, పెట్రోలును ఇంజను దాకా తోసేది. అది గట్టిగానే ఉంది.

సాయంత్రం బుచ్చిరాములు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లలితమ్మ పోయాక ఆయన ఎక్కడికి పోయినా ఊరకే కూర్చుంటాడు. ఒకప్పుడు నన్ను ఆటపట్టించనిదే ఆయనకు పొద్దు గడిచేది కాదు. ఆ బుడ్డ జర పిసుకు అంటే పిసుకుతూ కూర్చున్నాడు. గ్యాసు ఇచ్చాను. ఆగిపోయింది.

"ఆ పొద్దు సుత గిట్లనే ఆగిందా, లింగన్నా?" అని అడిగాడు.

"కాదు. ఆ పొద్దు మునిగి ఆగింది. ఇది వేరే" అన్నాను.

ఆయన తలూపి ఇంకాసేపు బుడ్డ పిసికాడు. ఇంజను ఆగిపోయిందని ఆయనకు గుర్తులేనట్టుంది.

మే 21

అది అబద్ధం కాదు. నాకు తెలిసినంతవరకు కాదు.

మే 25, ఆదివారం

హజీరా పోయాను. కంపెనీ బస్సులు ఆగే చోటు దాటాక ఆ రోడ్డులో నడిచేవాడే ఉండడు, ఎండ మాడ్చేసింది. మనకు మోటరు అమ్మినవాళ్ల వాడలో ఒక ముసలి పడవ నాయకుడు ఉన్నాడు, వాళ్ల మాటలో టండేల్ అంటారు. ఇంజనులోకి పెట్రోలు తోసే చిన్న పంపులో వేసే రబ్బరు పొర ఆయన దగ్గర దొరుకుతుందని పోయాను. దొరికింది.

రోగం ఏంటని హిందీలో అడిగాడు. చెప్పాను. గ్యాసు ఇచ్చి, ఆగబోయేటప్పుడు చోక్ సగం గుంజి చూశావా అన్నాడు. లేదన్నాను. ఆయన వల అల్లుతూనే నేర్పాడు. చోక్ గుంజితే ఆగిపోయేది తాగి మునిగిన ఇంజను. చోక్ గుంజితే తేరుకునేది దప్పికగొన్న ఇంజను. తేరుకుంటే పంపు మార్చడం దండగ, పెట్రోలు పోయే సన్నటి రంధ్రంలో, జెట్‌లో, చెత్త అడ్డం పడ్డట్టు. సముద్రంలో అట్లా అయితే మేం చోక్ పట్టుకునే గట్టుకు చేరతాం, చోక్ తెలిసినవాడు ఉంటే పడవ మునగదు అన్నాడు.

ఇవి నాకు తెలియని సంగతులు కావు.

మే 26

కొత్త రబ్బరు పొర వేశాను. గ్యాసు ఇస్తే మళ్లీ ఆగింది. చోక్ గుంజి చూడలేదు. కుడి భుజం నొప్పిగా ఉంది.

మే 27

భుజం నొప్పి.

మే 29

చోక్ గుంజి చూశాను. నడిచింది.

గ్యాసు ఇచ్చాను, దగ్గింది, చోక్ సగం గుంజాను, తేరుకుని డ్రమ్ములో నీళ్లు ఎగజిమ్మింది. చోక్ వదిలాను, చావబోయింది. గుంజాను, లేచింది. ఏడు నిమిషాలు నడిపించి నేనే ఆపేశాను.

మోటరు ఒక్కోనాడు ఒక్కో తీరు ఉంటుంది. ఏడాది కింద దానికి ఏ రోగం ఉందో ఇవాళ ఎట్లా చెప్పగలం?

మే 30

నేను చూసిందే చెప్పాను.

జూన్ 1, ఆదివారం

సుమన వాళ్ల అమ్మకు ఫోన్ చేసింది. నా కూతురు నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టను. ఎల్లవ్వ ఫోన్ నా వైపు చాపింది, అటు నుంచి పెట్టేసిన చప్పుడు వచ్చింది.

మోటరు గురించే రాయాలనుకున్నాను. కానీ ఇదీ రాస్తాను. నిరుడు ఆ మీటింగ్ తర్వాత గల్లీలో ఉమాకాంత్‌కు ఒక పేరు పెట్టారు. చోక్. ఆయన కార్ఖానాకు పోతుంటే, "చోక్ పోతున్నడు, పక్కకు జరుగుండ్రి" అనేవాళ్లు. పాన్ డబ్బా దగ్గర నిలబడితే ఊపిరాడనట్టు గొంతు పట్టుకుని నవ్వేవాళ్లు. లలితమ్మకు ఊపిరాడకనే కదా ప్రాణం పోయింది, ఆ నవ్వేవాళ్లకు అది కూడా తోచలేదు. ఆయన ఒక్కసారి కూడా తిరిగి అనలేదు. దసరా ముందు సూరత్ అవతల కిమ్‌లో ఒక కార్ఖానాలో పని చూసుకుని సుమనను తీసుకుని పోయాడు. పోయే రోజు నా కాళ్లు మొక్కాడు. తప్పు చేసినవాడు అట్లాగే తల వంచుకుంటాడులే అనుకున్నాను.

జూన్ 3

పెద్ద జెట్ విప్పాను. సూది బెజ్జం అంత రంధ్రం ఉండాలి. ఎండకు పెట్టి చూస్తే వెలుతురు రాలేదు. రాగి తీగ పోగు ఒకటి మెల్లగా తోశాను. లోపలి నుంచి తెల్లటి పుల్ల లాంటిది బయటికి వచ్చింది.

పెట్రోలు ఎండితే జిగురు కడుతుంది. అది గోధుమ రంగులో ఉంటుంది అంటారు. తెల్లగా కూడా ఉంటుందేమో.

వేలు తడి చేసి దాన్ని నలిపాను. జారుడుగా అయి, తర్వాత అంటుకుంది. చెయ్యి కడుక్కున్నాను.

జూన్ 4

రెండుసార్లు కడిగినా వేళ్లకు ఆ అంటు పోలేదనిపిస్తోంది. అన్నం తినేటప్పుడు కూడా.

జూన్ 8, ఆదివారం

మోటరు బాగైంది. జెట్ శుభ్రం చేసి బిగించాక మొదటి గుంజుడుకే లేచింది. ఫుల్ గ్యాసులో పావుగంట నడిచింది, చోక్ ముట్టుకునే పనే పడలేదు. పరుశురాం వచ్చి వీపు తట్టాడు. ఇక ఈ నోటుబుక్కు ఇక్కడితో ఆపేయవచ్చు.

ఆపేయలేను. మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది.

పడవ ట్యాంకులో పెట్రోలు పోసేటప్పుడు నేను ఎప్పుడూ బట్టతో వడబోస్తాను. మన గల్లీలో అందరూ అంతే. నేసేవాళ్లం, మన బట్ట కంటే మంచి జల్లెడ ఏముంటుంది? వడబోసే బట్ట ఇయ్యి అని ఎల్లవ్వను అడిగాను. ట్రంకు పెట్టె తెరిచి మెత్తటి తెల్ల బట్ట ఒకటి తీసింది. మడత మీద మడత, చంటిపిల్ల తువ్వాలలా ఉంది.

"గింత మెత్తగున్నది, పాతదా?" అన్నాను.

"పాతదేంది. కార్ఖాన్ల నుంచి నువ్వు తెచ్చిన గ్రే గుడ్డనే. సోడ ఏసి ఉడకవెట్టి, మూడు నీళ్లు మార్చి ఉతికి పెడ్త. యాడాదికి ఒకటి."

"ఎందుకు?"

ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "గంజి పోవద్దా? గంజి బట్టలకెల్లి పెట్రోలు పోస్తరా ఎవలన్న?"

పదిహేనేళ్లుగా నా చేతికి ఇస్తోంది. ఉడికిస్తుందని నాకు తెలియదు. అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత ఆమె అంది, "నిరుడు నేను లేకుంటి గద. అక్కకు బాగలేదని కోరుట్ల పోయి ఉంటి. ఆ పొద్దు దేంతోని వడబోసినవ్?"

"దేంతోనో" అన్నాను.

ఆమె పెట్టె మూత వేసి చాలాసేపు దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

జూన్ 9

దేంతోనో కాదు. నాకు బాగా గుర్తుంది.

ఆ పొద్దున వాన మొదలైనప్పుడు నేను కార్ఖానాలో ఉన్నాను. ఖాడీ పెరుగుతోందని ఫోన్ వచ్చింది. లూము మీద నుంచి అప్పుడే దిగిన గ్రే తానులోంచి ఒక గజం చించుకుని వచ్చాను. రంగు వేయని, ఉతకని పచ్చి బట్టను సూరత్‌లో గ్రే అంటారు. నేసేటప్పుడు పోగులు తెగకుండా పడుగుకు గంజి పెడతాం, అది బట్టలోనే ఉంటుంది. ఈ ముక్క తెలియని నేతవాడు ఉండడు. నాలుగు మడతలు వేసి, దాంట్లోంచి పెట్రోలు పోశాను. పైన వాన పడుతోంది, బట్ట తడుస్తోంది. గంజి పెట్రోల్‌లో కరగదు కదా అని కూడా అనుకున్నాను, అంటే గంజి ఉందని నాకు తోచింది. తోచినా పోశాను. నీళ్లలో కరుగుతుంది కదా అని మాత్రం తోచలేదు. వాన నీళ్లతో పాటు అదీ దిగింది. కార్బొరేటర్ గిన్నె అడుగున చేరి, జెట్‌లో పేరుకుంది.

పంపువాణ్ని దొంగ అన్నాను. ఖాడీ ఉప్పు అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

ఇంకొకటి ఉంది. ఈ నోటుబుక్కు మొదటి పేజీలో నేను రాసింది తప్పు. మోటరు ఆగాక ఉమాకాంత్ చోక్ గుంజలేదు. మోటరు దగ్గడం మొదలుపెట్టగానే గుంజాడు. గుంజినంతసేపు నడిచింది. ముక్కుతూ మూలుగుతూ అయినా పులియా వైపు పోతూనే ఉంది. నేను మండల్ మెట్ల మీద నిలబడి ఉన్నాను, పడవ ఇంకా అరుపు వినపడే దూరంలోనే ఉంది. నేనే అరిచాను. చోక్ వదులు అని అరిచాను. ఆయన ఒకసారి వెనక్కి చూశాడు. వదలలేదు. ఇంకా గట్టిగా అరిచాను. వదిలాడు. మోటరు ఆగింది.

తర్వాత మళ్లీ గుంజబోతే, పెట్రోల్ల మునిగింది, పది నిమిషాలు ముట్టకు, ఆరనియ్యి అన్నాను. ఆయన ముట్టలేదు. మామ మాట, అందులో మోటరు మేస్త్రి మాట. ఆ పది నిమిషాలు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, లలితమ్మ పక్కనే.

మీటింగ్‌లో నేను చూసిందే చెప్పాను. అరిచింది చెప్పలేదు.

ఆదివారం మీటింగ్ ఉంది. చెప్పేస్తాను.

జూన్ 12

ఆదివారం చెప్తాను. ముందు బుచ్చిరాములుకు ఒక్కడికే చెప్తే మంచిదేమో. లేదు, అందరి ముందరే.

జూన్ 15, ఆదివారం

మీటింగ్ అయింది. పరుశురాం లేచి, లింగన్న ముసలి మోటరుకు పానం పోసిండు అన్నాడు. చప్పట్లు కొట్టారు. రోగం ఏంటని ఎవరో అడిగారు. జెట్‌లో చెత్త అని చెప్పాను. చెత్త ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని.

ఈసారి పడవ ఎవరు నడపాలన్న మాట వచ్చింది. ఎవలైనా సరే గని చోక్‌ను మాత్రం పిలువకుండ్రి అని ఒకడు అన్నాడు. నవ్వారు. బుచ్చిరాములు నవ్వలేదు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

చప్పట్లు కొట్టినప్పుడు సంతోషం వేసింది. అది కూడా రాసుకుంటున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 17

బుచ్చిరాములు వచ్చాడు. వచ్చే నెల పదమూడున లలితమ్మ ఏడాది. "నాకు ముందు వెనుక ఎవలున్నరు, లింగన్నా. నువ్వే దగ్గరుండి జరిపియ్యాలె" అన్నాడు. సరే అన్నాను. నోరు అదే అంది.

జూన్ 22

వాన.

జూన్ 23

వాన ఆగలేదు. ఖాడీ పులియా కింది రాయిని ముంచింది. పెట్రోలు వడబోసి ట్యాంకు నింపాను. ఎల్లవ్వ ఉడికించిన బట్టతో.

జూన్ 25

నిన్న రాయలేకపోయాను. ఇవాళ నీళ్లు తీశాయి.

నిన్న పొద్దున గల్లీలోకి నడుము దాకా వచ్చాయి. మండల్ పెట్టిన ఇద్దరు మనుషులు పడవ దించారు గానీ, ప్రవాహం చూసి ఒకడికి వణుకు పుట్టింది, ఇంకొకడు మోటరును రెండుసార్లు ఆపేశాడు. అవతల గల్లీలో ముసలివాళ్లు, ఒక బాలింత. జనం మెట్ల మీద నిలబడి ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. అప్పుడు నీళ్లలో నడుచుకుంటూ ఉమాకాంత్ వచ్చాడు. కిమ్ నుంచి దొరికిన బండి ఎక్కి ఉధ్నా దాకా, అక్కడి నుంచి నడక. ఎవరూ పిలవలేదు. పడవలో ఉన్నవాడు దిగి చోటు ఇచ్చాడు.

ఉమాకాంత్ ట్యాంకు మీద చెయ్యి వేసి, తల ఎత్తకుండా నన్ను అడిగాడు.

"మామా, పెట్రోలు వడవోసిన బట్ట అత్త ఉడకవెట్టిందేనా?"

గోడ పట్టుకున్నాను.

"ఆమె ఉడకవెట్టిందే" అన్నాను.

తలూపి తాడు గుంజాడు. మొదటి గుంజుడుకే లేచింది. పదకొండు సార్లు అటూ ఇటూ తిరిగాడు. బాలింతను, బిడ్డను, ముసలివాళ్లను, ఒకావిడ వదలనన్న మేకను కూడా తెచ్చాడు. మోటరు ఒక్కసారి కూడా దగ్గలేదు.

మధ్యాహ్నం పడవ కట్టేసి మెట్ల మీద చాయ తాగుతుంటే పక్కన కూర్చున్నాను.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అన్నాను.

"ఆ పొద్దే. నువ్వు ముట్టకు అన్న పది నిమిషాలైనంక కింది గిన్నె చాకుతోని విప్పిన. ఏళ్లకు గంజి అంటింది. నేను సుత నేతోన్నే గద మామా. జెట్ ఇప్పుదామంటే పానా లేకపాయె."

"మరి మీటింగ్ల ఎందుకు చెప్పలే?"

"నువ్వు ముందుగాల లేసి చెప్పినవ్. పెద్దమనిషివి, నలుగుర్ల నిన్ను అబద్ధం చేసుడేంది అని ఊకున్న. నీకు తెల్వక అన్నవ్, తెలిసిననాడు నువ్వే చెప్తవ్ అనుకున్న." చాయ అడుగు దాకా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "యాడాదాయె మామా."

లేచి మళ్లీ పడవ దగ్గరికి పోయాడు. నిన్ను నమ్మి ఊరుకున్నాను అని ఒక మనిషి అంటే, అంతకంటే పెద్ద తిట్టు ఇంకోటి ఉండదు.

జూన్ 26

బుచ్చిరాములు ఇంటికి పోయాను. నీళ్లు తీశాక ఇల్లంతా బురద. లలితమ్మ ట్రంకు పెట్టె నానిపోయింది. ఆమె చీరలు ఒక్కొక్కటే పిండి తాడు మీద వేస్తున్నాడు. కూర్చో అన్నాడు. నిలబడే చెప్పాను. గ్రే బట్ట సంగతి, గంజి సంగతి, చోక్ గుంజినంతసేపు మోటరు నడిచిన సంగతి, నేను అరిచిన సంగతి. దేన్నీ చిన్నగా చేసి చెప్పలేదు.

ఆయన చేతిలోని చీర పిండడం ఆపలేదు.

"నువ్వు అరవకపోతే పులియా దాటేదా?"

మోటరు సంగతి ఎవరు చెప్పగలరు, లలితమ్మ రాత ఎవరు చెప్పగలరు, ఇట్లాంటి మాటలు నోటి దాకా వచ్చాయి.

"దాటేది" అన్నాను.

చీర తాడు మీద వేసి అంచులు సరిచేశాడు.

"ఉమాకాంత్ వదలలే, లింగన్నా. నేనే ఆయన చెయ్యి గుంజేసిన చోక్ మీదికెల్లి. లింగన్న చెప్తున్నడు, వదులురా అన్న. నువ్వు మోటరు మేస్త్రివని." ఇంకో చీర అందుకున్నాడు. "ఆమె సుత అన్నది. ఆమెకు మాటొస్తలేదు, అయినా అన్నది. అన్న చెప్తున్నడు గద, ఇనుండ్రి అని."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. నేను గడప దాటుతుంటే వెనక నుంచి అన్నాడు.

"యాడాదికి నువ్వు రాకు. ఉమాకాంత్‌ను తోలియ్యి."

జూన్ 29, ఆదివారం

మండల్‌లో చెప్పాను. పరుశురాం, "అయిందేదో అయింది, గిప్పుడెందుకు లింగన్నా, ఊకోరాదు" అన్నాడు. నిరుటి మీటింగ్ పుస్తకం తెప్పించాను. నడిపినవాని తప్పు వల్ల ఇంజను ఆగింది అని అందులో రాసి ఉంది, కింద నా సంతకం. దాన్ని కొట్టేసి, పక్కన జరిగింది రాసి, మళ్లీ సంతకం చేశాను. బయటికి వచ్చాక పాన్ డబ్బా దగ్గర మాటలు ఆగిపోయాయి. ఇక వాళ్లు నాకు ఏ పేరు పెడతారో పెట్టనీ.

జూలై 2

సుమన ఫోన్ చేసింది. నాకే. "తిన్నవా బాపూ" అంది. తిన్నానన్నాను. తినలేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ లలితమ్మ ఏడాది. ఉమాకాంత్, సుమన నిన్ననే కిమ్ నుంచి వచ్చారు. పొద్దున ఎల్లవ్వను తీసుకుని ముగ్గురూ బుచ్చిరాములు ఇంటికి పోయారు. కిటికీలోంచి చూస్తే ఉమాకాంత్ వాకిట్లో పీటలు వేస్తున్నాడు. దగ్గరుండి జరిపిస్తానని సరే అన్న పనులన్నీ ఆయన చేస్తున్నాడు. బుచ్చిరాములు ఆయన భుజం పట్టుకుని ఏదో చెప్తున్నాడు. నేను అక్కడ ఉండాల్సినవాణ్ని. కిటికీ మూశాను.

పెట్టెలో వడబోసే బట్ట లేదు. వరదలో పాడైంది. కార్ఖానా నుంచి తెచ్చిన గ్రే గజం ఒకటి ఉంటే, పెద్ద గిన్నెలో వేసి సోడా కలిపి పొయ్యి మీద పెట్టాను. ఎప్పుడూ చేయలేదు కాబట్టి ఎంతసేపు ఉడకాలో తెలియదు. మొదటి నీళ్లు కుడితి లెక్క తెల్లగా వచ్చాయి. పారబోసి మళ్లీ పెట్టాను. రెండో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. మూడో నీళ్లు తేటగా వచ్చాయి, గిన్నె అడుగు కనిపించింది.

ఎల్లవ్వ మూడుసార్లు చాలంటుంది. నేను ఇంకోసారి పెట్టాను.